ఆపుకోవడం వచ్చు, వదలడమే రాదు

(రాజమహేంద్రవరంలో ఒక మహిళా బృందం ఆదివారం సమావేశంలో, కటి కండరాల చికిత్స చేసే ఫిజియోథెరపిస్టు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. కూర్చోండి, వెనకవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు ఒక ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, మనసులో చెప్పుకోండి చాలు. ఈ హాల్లోకి రాగానే బాత్రూం ఎక్కడుందో చూసుకున్నవాళ్లు ఎంతమంది? పొద్దున్న బయల్దేరేముందు, వస్తున్నా రాకపోయినా, "ఎందుకైనా మంచిది" అని ఒకసారి వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది? ఇక్కడ రెండు గంటలు కూర్చోవాలి కదా అని పొద్దుటి నుంచి నీళ్లు తాగనివాళ్లు? అదిగో, నవ్వుతున్నారు. నవ్వితే భయం వేసేవాళ్లు కూడా ఉంటారు మీలో. నవ్వినా, తుమ్మినా, దగ్గినా ఒక చుక్క. ఆ చుక్క గురించే ఇవాళ మాట్లాడదాం.

నేను ఫిజియోథెరపిస్టునండి. ఫిజియో అనగానే మోకాళ్లు, మెడ, పక్షవాతం గుర్తొస్తాయి. నేను చూసేది అవి కాదు. నడుముకి కింద, తొడలకి పైన ఉన్న భాగం. ఏం చేస్తావమ్మా అని మా పెద్దత్తయ్య అడిగితే ఇప్పటికీ "నడుం నొప్పులకి" అనే చెబుతాను. చూడండి, ఈ మాటలు చెప్పడానికి మైకు పట్టుకున్న దాన్ని, ఇంట్లో చెప్పలేకపోతున్నాను.

నాలుగున్నరేళ్లు చదివాను బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. ఆ నాలుగున్నరేళ్లలో ఈ కండరాల గురించి మాకు ఒక బొమ్మ చూపించారు. పేజీ తిప్పేశారు. అంతే. తర్వాత నాకు పాప పుట్టింది. మూడో నెలలో ఒక రోజు పోపు ఘాటుకి గట్టిగా తుమ్మాను. స్టవ్వు ముందు అలాగే నిలబడిపోయాను. ఎదుటివాళ్ల కండరాలన్నిటికీ పేర్లు చెప్పే దాన్ని, నా ఒంట్లో ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. అమ్మని అడిగితే "అందరికీ ఉండేదే" అంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. చాలామందికి ఉండేదే. కానీ చాలామందికి తలనొప్పి వస్తుంది, అది రావాల్సిందే అని ఊరుకుంటామా? ఊరుకోం కదా.

సరే, లోపల ఏముందో చెబుతాను. చీర ఊయల అందరూ చూసే ఉంటారు. పాత చీర తీసుకుని రెండు కొసలూ దూలానికి కట్టి అందులో పిల్లని పడుకోబెడతాం. మన కటిలో అలాంటి ఊయలే ఉంది. ముందు పొత్తికడుపు కింద గట్టిగా తగిలే ఎముక ఉంటుందే, ఒక కొస అక్కడ. ఇంకో కొస వెనక తోక ఎముక దగ్గర. మధ్యలో కండరాలు పరుచుకుని ఉంటాయి. ఆ ఊయలలో పడుకున్నవి మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం. ఆ గుడ్డలోంచి ఆడవాళ్లకి మూడు దారులు, మగవాళ్లకి రెండు దారులు బయటికి వస్తాయి. దారి మూయాలంటే ఊయల బిగుసుకుని పైకి లేవాలి. దారి ఇవ్వాలంటే వదులై కిందికి దిగాలి. లేవాలి, దిగాలి. ఈ రెండు పనులూ రావాలి. రెండూ అని ఎందుకు ఒత్తి చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

కాన్పులో ఈ కండరం ఎంత సాగుతుందో కంప్యూటర్ నమూనాలతో లెక్క కట్టారు. లోపలి అంచున ఉన్న భాగం మామూలు పొడవుకి మూడు రెట్లకి పైగా సాగుతుంది. ఒంట్లో ఇంకే కండరాన్నైనా అంత లాగితే తెగిపోతుంది. ఇది చాలామందిలో తెగకుండా సాగి, బిడ్డని పంపించి, మళ్లీ వెనక్కి వస్తుంది. కొందరిలో పూర్తిగా రాదు. మోకాలి ఆపరేషన్ అయితే మర్నాడే ఫిజియోని పిలుస్తారు. ఇంత పని చేసిన కండరానికి మాత్రం ఎవరినీ పిలవరు. ఫ్రాన్సులో కాన్పు తర్వాత ఈ కండరాల శిక్షణ సెషన్లకి ప్రభుత్వ బీమానే డబ్బు కడుతుంది. మన దగ్గర బీమా సంగతి తర్వాత, ఇలాంటిది ఒకటుందని చెప్పేవాళ్లే లేరు.

"నాకు ఆపరేషనే అయిందండీ, నాకు రాదు కదా" అంటారు. మన రాష్ట్రంలో ఈ మాట ఎక్కువగా వింటాను, ఎందుకంటే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పులకి 42 సిజేరియన్లే. తెలంగాణలో అయితే 60 దాటింది. సిజేరియన్‌లో ఆ సాగడం ఉండదు, కాబట్టి ముప్పు తగ్గుతుంది, నిజమే. కానీ తొమ్మిది నెలలు ఆ బరువు మోసింది ఎవరు? ఆ ఊయలే కదా. ముప్పు తగ్గుతుందే తప్ప పోదు.

బాలింతరాలి పద్ధతుల గురించి కూడా చెప్పాలి. పెద్దవాళ్లున్నారు, కోప్పడకండి. నూనె రాసి నలుగు పెట్టడం, పని చెప్పకుండా పడుకోబెట్టడం, ఇవి మంచివి. ఆ విశ్రాంతి నిజంగా అవసరం. కానీ "నీళ్లు తాగితే పొట్ట వస్తుంది" అని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారే, అది మానేయండి. పాలిచ్చే తల్లికి నీళ్లు కట్టేస్తే మలబద్ధకం వస్తుంది. అప్పుడు ఆ పిల్ల కుట్ల మీద కూర్చుని ముక్కాలి. అప్పటికే సాగిపోయిన ఊయల మీద ఇంకో బరువు. అలాగే నడికట్టు. వదులుగా, ఆసరాగా కడితే నడుముకి హాయి. పొట్ట లోపలికి పోవాలని ఊపిరాడకుండా బిగిస్తే? పేస్టు ట్యూబుని నడుం దగ్గర నొక్కితే ఏమవుతుంది? కిందికే కదా వెళ్లేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ చుక్క పడుతోందంటే కండరం బలహీనపడింది, బిగించే వ్యాయామం చెయ్యండి అని ఎవరిని అడిగినా చెబుతారు, ఫోన్లో ఏ వీడియో చూసినా చెబుతారు. సగం నిజం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంకో రకం ఉన్నారు. వాళ్ల కండరం బలహీనంగా లేదు. బిగుసుకుపోయి ఉంది. వదలడం మర్చిపోయింది.

ఒక టీచరమ్మ వచ్చారు. పేరూ ఊరూ అడక్కండి. ఆవిడ స్కూల్లో పిల్లలకి బాత్రూం ఉంది, టీచర్లకి ఉన్న ఒక్కదానికీ తలుపు సరిగ్గా పడదు. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఇంటికొచ్చాకే. ఎన్నేళ్లు? పదిహేడేళ్లు. మూత్రం పోస్తే మొదలవడానికే టైం పట్టేది, అయ్యాక కూడా ఇంకా మిగిలిందనిపించేది. కలయిక అంటే నొప్పి. దానితో పాటు తుమ్మితే చుక్క. ఎవరో కెగెల్, అంటే ఆ బిగించే వ్యాయామం, చెయ్యమన్నారు. శ్రద్ధ గల మనిషి, రోజుకి 200 చేశారు. నొప్పి రెట్టింపయింది. "మేడమ్, ఇంకా ఎక్కువ చెయ్యాలా?" అని అడిగారు నన్ను.

అందరూ ఒకసారి కుడిచేతి పిడికిలి బిగించండి. గట్టిగా. ఇంకా గట్టిగా. అలాగే ఉంచండి. ఇప్పుడు, పిడికిలి విప్పకుండా, ఇంకొంచెం బిగించండి. కుదరట్లేదు కదా? ఆ పిడికిలితో మీ పక్కనున్న వాటర్ బాటిల్ పట్టుకోండి. అదీ కుదరట్లేదు. పగలంతా బిగిసి ఉన్న కండరం అలా ఉంటుంది. తుమ్ము వచ్చే క్షణంలో అది ఇంకొంచెం బిగుసుకోవాలి, కానీ బిగుసుకోవడానికి అక్కడ ఏం మిగల్లేదు. అందుకే చుక్క పడుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే, చుక్కే. లోపల ఒకటి వదులు, ఒకటి బిగువు. వదులుకిచ్చే మందు బిగువుకిస్తే ఏమవుతుంది? టీచరమ్మకి అయిందే అవుతుంది. ఇక వదలండి పిడికిలి.

మన ఆడవాళ్లకి ఆపుకోవడంలో చిన్నప్పటి నుంచీ శిక్షణ ఉందండి. స్కూల్లో బాత్రూం బాగుండదు, ఆపుకో. బస్సు ఏలూరు దాకా ఆగదు, ఆపుకో. బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలు, ట్రాఫిక్ డ్యూటీలో ఉండే ఆడపోలీసులు, పొలంలో నాట్లకి వెళ్లేవాళ్లు, అందరికీ ఆపుకోవడం వచ్చు. వదలడమే ఎవరూ నేర్పలేదు. పొట్ట లోపలికి లాగి నిలబడు అని కూడా నేర్పారు. పొట్ట లాగితే కింద కూడా బిగుస్తుంది. ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు, మీ పొట్ట ఎలా ఉంది? వదిలేయండి. ఎవరూ చూడటం లేదు. చూసినా పర్లేదు.

టీచరమ్మకి నేను బిగించే వ్యాయామాలన్నీ ఆపించాను. ఆరు వారాలు ఊపిరే. పడుకుని, మోకాళ్లు ముడిచి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ముక్కుతో మెల్లగా పీలిస్తే పొట్ట పైకి లేవాలి. పొట్ట లేచినప్పుడు కింద ఊయల కూడా కొంచెం దిగుతుంది. ఊపిరి వదిలితే దానంతట అది పైకి వస్తుంది. ఛాతీకి కింద ఒక పెద్ద కండరం ఉంటుంది, ఊపిరి తీసుకునేది అదే. అదీ ఈ ఊయలా జంటగా కదులుతాయి. తర్వాత తుంటి చుట్టూ సాగదీసే వ్యాయామాలు చేయించాను. నొప్పి తగ్గాకే బలం సంగతి. ముందు "ఇది వ్యాయామమేంటి, ఊపిరి పీల్చడానికి ఫీజా" అన్నారావిడ. అనాల్సిందే, నేనైనా అంటాను.

ఇందాక కెగెల్ అన్నాను కదా. ఆర్నల్డ్ కెగెల్ అని అమెరికాలో ఒక గైనకాలజిస్టు, 1948లో ఈ కండరాల వ్యాయామం గురించి రాశారు. ఆయన ఊరికే బిగించమని చెప్పి పంపలేదండి. ముందు తనే పరీక్ష చేసి, ఆ కండరం సరిగ్గా కదులుతోందో లేదో చూసేవారు. ఎంత బలంగా బిగిస్తున్నారో ముల్లు మీద కనబడేలా ఒక పరికరం కూడా తయారు చేశారు. మన దాకా వచ్చేసరికి పరీక్షా పోయింది, పరికరమూ పోయింది. "బిగించు" ఒక్కటే మిగిలింది. 1991లో అమెరికాలోనే 47 మంది ఆడవాళ్లకి నోటి మాటగా చెప్పి చేయించి చూశారు. సరిగ్గా చేసినవాళ్లు సగం మందే. నలుగురిలో ఒకరు బిగించి పైకి లాగే బదులు కిందికి తోస్తున్నారు. అంటే చుక్క పడకుండా ఆపుతున్నామనుకుంటూ ఇంకా పడేలా చేసుకుంటున్నారు. యోగా చేసేవాళ్లకి మూలబంధం తెలుసు, అదీ ఈ కండరాలనే లాగడం. అక్కడ కూడా గురువు పక్కన ఉండాలనే చెబుతారు.

మరి వదులైనవాళ్లు ఎలా చెయ్యాలి? నలుగురిలో కూర్చున్నాం. గ్యాస్ వచ్చేలా ఉంది. పక్కన వియ్యపురాలు. ఏం చేస్తాం? అదిగో, ఇప్పుడు సగం మంది చేసేశారు. అదే. వెనక ద్వారం నుంచి మొదలుపెట్టి ముందుకి, మూత్రం దారి దాకా, లోపలికీ పైకీ లాగాలి. పిరుదులు కదలకూడదు, తొడలు కదలకూడదు, కనుబొమ్మలు అసలు కదలకూడదు. ఊపిరి ఆడుతూ ఉండాలి. కొన్ని సెకన్లు పట్టి ఉంచి, మళ్లీ అంతే సేపు పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, దాన్ని ఎగ్గొట్టొద్దు. ఇంగ్లండులో వైద్యులు పాటించే మార్గదర్శకాల్లో లెక్క ఇది: ఒక్కో విడతకి కనీసం 8 సార్లు, రోజుకి 3 విడతలు, కనీసం 3 నెలలు, అదీ తెలిసినవాళ్ల పర్యవేక్షణలో. మూడు నెలలు. మూడు రోజులు కాదు. రెండో వారంలో "ఏం మార్పు లేదండీ" అని ఫోన్ చేస్తారు. కండరం కదా, పెరగాలి కదా. కూర పోపు కాదుగా వెంటనే ఘుమఘుమలాడడానికి.

ఒక తప్పు మాత్రం చేయకండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామం కాదు. ఏ కండరమో తెలుసుకోవడానికి ఎప్పుడైనా ఒకసారి సరే. రోజూ చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవడం మానేయొచ్చు.

బలం పెరిగేలోపు పనికొచ్చే చిట్కా ఒకటుంది. తుమ్ము వస్తోందని ముందే తెలుస్తుంది కదా? ఆ అర సెకనులో కింద ఒకసారి బిగించి, అప్పుడు తుమ్మండి. దగ్గినా అంతే, గ్యాస్ బండ ఎత్తినా అంతే. బండ ఎత్తేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. వదులుతూ ఎత్తండి. పాతకాలంలో బరువులెత్తేటప్పుడు "హైలెస్సా" అని ఎందుకు అరిచేవాళ్లో? అరుస్తుంటే ఊపిరి బయటికి పోతుంది మరి.

ఇంకో రకం చుక్క ఉంది. దగ్గక్కర్లేదు, తుమ్మక్కర్లేదు. ఇంటి గేటు కనబడగానే, తాళం చెవి చేతిలోకి తీసుకోగానే, ఆగదు. పరుగు. ఇది మూత్రాశయానికి పట్టిన అలవాటు. సుమారు 400, 500 మిల్లీలీటర్లు పట్టే సంచీ అది. "ఎందుకైనా మంచిది" అని గంటకోసారి 100కే ఖాళీ చేస్తూ పోతే 100కే గోల చేయడం నేర్చుకుంటుంది. నీళ్లు మానేస్తే ఇంకా ముదురుతుంది, మూత్రం చిక్కబడి లోపల మంట పెడుతుంది. ఇలాంటప్పుడు పరిగెత్తకండి. ఆగండి, వీలైతే కూర్చోండి, అయిదారు సార్లు గబగబా బిగించి వదలండి, ఆ ఉధృతి కొంచెం తగ్గాక మామూలుగా నడిచి వెళ్లండి. రోజుకి ఆరేడు సార్లు వెళ్లడం మామూలే. మూడు రోజుల పాటు ఎప్పుడు ఏం తాగారో, ఎప్పుడు వెళ్లారో కాగితం మీద రాస్తే నాకు సగం జబ్బు ఆ కాగితంలోనే కనబడుతుంది. టీలు ఎన్నో కూడా రాయండి. టీలు దాచేస్తారు అందరూ.

కమోడ్ గురించి ఒక్క ముక్క. గొంతుకూర్చుంటే పేగు చివర వంపు విప్పారుతుంది, దారి తిన్నగా అవుతుంది. కమోడ్ మీద అది పూర్తిగా విప్పుకోదు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేం, నిజమే. పూజ గదిలో పీట ఉంటుందిగా, అలాంటిదే ఇంకోటి కొని కాళ్ల కింద పెట్టుకోండి. దేవుడి పీట వద్దు.

ఇప్పుడు కొంచెం కోపంగా మాట్లాడతాను. "కింద ఏదో దిగినట్టుందండీ, బరువుగా ఉంది" అని వెళ్తే, తెల్లబట్ట అని వెళ్తే, నడుం నొప్పి అని వెళ్తే కూడా, "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో" అనే మాట మన ఊళ్లల్లో ఎంత తేలిగ్గా వినబడుతుంది! ఇందాక చెప్పిన సర్వేలోనే ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 100కి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి. తీయాల్సిన జబ్బులున్నాయి, కాదనను. డాక్టరు అవసరమంటే ఇంకో డాక్టరుని కూడా అడిగి, చేయించుకోండి. కానీ కొంచెం జారిందనే కారణం ఒక్కటే అయితే, ముందు వ్యాయామం ఉంది, లోపల ఆసరాగా పెట్టే రింగు ఉంది. ఆ రింగుని పెసరీ అంటారు. ఇవి ఉన్నాయని ఎవరైనా చెప్పారా మీకు? ఊయల గుడ్డ వదులైతే గుడ్డ బాగుచేయాలా, ఊయల్లోది తీసిపారేయాలా? తీసేశాక కూడా ఆ వదులు అలాగే ఉంటుంది, మిగిలినవి జారొచ్చు.

వెనక నలుగురు బాబాయిలు కూర్చున్నారు. ఇందాకటి నుంచి నేల చూపులు చూస్తున్నారు. మీకూ ఉందండీ ఈ ఊయల. ప్రోస్టేట్ కేన్సర్ ఆపరేషన్ అయి, మూత్రం కోసం పెట్టిన గొట్టం తీసేశాక చాలామందికి కొన్నాళ్లు ఆగదు. డైపరు పెట్టుకోవాలంటే సిగ్గుతో ఇల్లు కదలరు. ఆపరేషన్‌కి ముందే ఈ వ్యాయామం నేర్చుకుంటే తర్వాత చేయడం సులువు. ఎలా చెయ్యాలో మగవాళ్లకి నేను ఇలా చెబుతాను: కార్తీక మాసం, తెల్లవారుజాము, పుష్కర ఘాట్, గోదావరిలోకి మెట్టు మెట్టూ దిగుతున్నారు, నీళ్లు తొడల పైకి వచ్చాయి. అప్పుడు ఏమేం పైకి లాక్కుంటారో, అదే. సరిగ్గా అదే.

నా దగ్గరికి వస్తే ఏం చేస్తానో అని భయం ఉంటుంది. మొదటి రోజు ఎక్కువ భాగం మాటలే. తర్వాత నిలబడే తీరు, ఊపిరి, పొట్ట, తుంటి చూస్తాను. లోపలి పరీక్ష గ్లవ్స్ వేసుకుని వేలితో ఉంటుంది, మీరు ఒప్పుకుంటేనే. వద్దంటే వద్దు, మధ్యలో ఆపమంటే ఆపేస్తాను. పెళ్లి కానివాళ్లకి, గర్భిణులకి, భయం ఉన్నవాళ్లకి బయటి నుంచే చూసే పద్ధతులున్నాయి. బలానికి 0 నుంచి 5 దాకా మార్కులేస్తాను. మొదటి రోజు నాకు నేను వేసుకున్నవి 2. ఫిజియోకి రెండే.

వ్యాయామానికి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి, రాసుకోండి. మూత్రంలో రక్తం. మంటతో పాటు జ్వరం. ముట్లుడిగాక మళ్లీ రక్తం. ఇక నడుం నొప్పితో పాటు రెండు తొడల మధ్య తిమ్మిరెక్కి, మూత్రం పోయడమే రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి.

అక్కడ, పచ్చ చీర, ఏదో అడగాలనుకుంటున్నారు. ఏంటమ్మా? "మా అత్తగారికి డెబ్బై రెండు. ఇప్పుడు చేస్తే ఉపయోగం ఉంటుందా" అంటున్నారు. ఉంటుందమ్మా. కండరానికి వయసొస్తుంది కానీ నేర్చుకోవడం మానదు. కాకపోతే ఆవిడకి ఏది కావాలో, బిగించడమో వదలడమో, చూసి చెప్పాలి. ఆవిణ్ణి ఇవాళ తీసుకొచ్చారా? బయట అరుగు మీద కూర్చున్నారా? అయ్యో, బయటెందుకు, లోపలికి పిలవండి. బాబాయిలూ, మీరు పక్క గదిలో టీ తాగి రండి. మిగతావాళ్లు ఈ కుర్చీలు గోడ వైపుకి జరిపి చాపలు పరవండి. ముందు ఎవరూ ఏమీ బిగించొద్దు. పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి.